బాక్సింగ్ ప్రమోటర్ కాబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

నువ్వు ఉద్యోగం మానేసి న్యూజెర్సీలో బాక్సింగ్ పోటీలు నిర్వహించే కంపెనీ పెడుతున్నావనీ, మొదటి కార్డులోనే, అంటే ఆ రాత్రి జరిగే పోటీల వరుసలోనే, విశాఖపట్నం కుర్రాడొకడినీ నిజామాబాద్ కుర్రాడొకడినీ దించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటా వంటా లేని పని ఇది. అందుకే గర్వంగా ఉంది, అందుకే భయంగానూ ఉంది. నీ ఆఫీసు గోడకు బాక్సింగ్ ప్రమోటర్ డాన్ కింగ్ ఫొటో పెద్దది తగిలించావట కూడాను. "ఆ నిక్కబొడుచుకున్న జుట్టాయన ఎవరన్నయ్యా?" అని మీ అమ్మ అడిగితే, పెద్ద వ్యాపారి అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆమెకు చెప్పనిది నీకు రాస్తున్నాను.

లైసెన్సు, రాష్ట్ర అథ్లెటిక్ కంట్రోల్ బోర్డు కోరే పూచీకత్తు బాండు, బాక్సర్లకు వైద్య బీమా, రింగు పక్కన డాక్టరు, బయట అంబులెన్సు మొదలైనవన్నీ నీ లాయరు చూసుకుంటాడు. హాలు చిన్నదే తీసుకో. వీటి మీద నేను ఇంకో వాక్యం ఖర్చుపెట్టను.

నేను అకౌంటెంటుగా క్లీవ్‌లాండ్ వచ్చేనాటికి ఈ ఊళ్ళో కింగ్ పేరు తెలియనివాడు లేడు. ఆయన 1931లో పుట్టిందీ, నంబర్ల జూదం నడిపిందీ ఇక్కడే. 1966లో తనకు బాకీపడిన మనిషిని వీధిలో కొట్టి చంపి, దాదాపు నాలుగేళ్ళు జైల్లో ఉండి, 1971లో బయటికొచ్చాడు. మరో మూడేళ్ళకు ముహమ్మద్ ఆలీ, అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ల పోటీ ఆయన చేతిలో ఉంది. ఆ మూడేళ్ళలో ఆయన చేసిన పనిని నేను తక్కువ చేసి చెప్పను, నువ్వు నేర్చుకోవలసింది కూడా అక్కడే ఉంది. చేతిలో అంత డబ్బు లేదు. అయినా ఆలీ దగ్గరికి విడిగా, ఫోర్‌మన్ దగ్గరికి విడిగా వెళ్ళి, ఒక్కొక్కరికి 50 లక్షల డాలర్లు ఇస్తానని ఇద్దరినీ ఒప్పించాడు. ఆ తరువాతే డబ్బు కోసం బయలుదేరాడు. అది ఆఫ్రికాలో జైర్ దేశాన్ని (ఇప్పటి కాంగో) ఏలుతున్న మొబుటు దగ్గర దొరికింది. సాధనలో ఫోర్‌మన్ కనుబొమ్మ చిట్లి, సెప్టెంబరులో జరగవలసిన పోటీ 1974 అక్టోబరు 30 దాకా వాయిదా పడింది. అన్ని వారాలూ ఆ వ్యవహారం చెదిరిపోకుండా పట్టుకుని, అమెరికాలో జనం రాత్రిపూట తెరల మీద చూసేందుకు వీలుగా ఆ దేశ రాజధాని కిన్షాసాలో తెల్లవారుజామున గంట కొట్టించాడు. ఆ ఓపిక, ఆ నోరు, ఎవరి దగ్గరికైనా జంకు లేకుండా వెళ్ళిపోయే తెగువ నీకూ కావాలి. నల్లజాతి మనుషుల దెబ్బల మీద తెల్లవాళ్ళు బాగుపడుతున్న వ్యాపారంలో మనవాడొకడు పెత్తనం చేస్తున్నాడని నల్లజాతి బాక్సర్లు మురిసిపోయారంటే, వాళ్ళను వెర్రివాళ్ళు అనడానికి నాకు నోరు రాదు.

ఇక రెండో వైపు చూడు. అంతకుముందు ఏడాది జనవరిలో, జమైకాలోని కింగ్‌స్టన్‌లో, ఆయన ఫోర్‌మన్‌తో తలపడబోతున్న అప్పటి ఛాంపియన్ జో ఫ్రేజియర్ పరివారంతో కారులో స్టేడియానికి వెళ్ళాడు. రెండు రౌండ్లలో ఫ్రేజియర్ ఆరుసార్లు కింద పడ్డాడు. తిరుగు ప్రయాణంలో, గెలిచిన ఫోర్‌మన్ కారులో కింగ్ ఉన్నాడు. ఈ కథను ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. నీ ఫొటోలో ఉన్నది ఆ నవ్వే. ఆయన వ్యాపారం మొత్తం ఆ రాత్రి చేసిన పనినే కాగితం మీదికి ఎక్కించడం: ఎవరు గెలిచినా మనం గెలిచినవాడి కారులోనే ఉండాలి. కింగ్ ఛాంపియన్‌తో తలపడాలనుకున్నవాడు ముందుగా, తాను గెలిస్తే రాబోయే పోటీల హక్కు కింగ్‌కే ఇస్తానని రాసివ్వాలి. దాన్ని ఆప్షన్ అంటారని నీకు తెలుసు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో కింగ్ ఛాంపియన్ మైక్ టైసన్‌ను బస్టర్ డగ్లస్ పడగొట్టినప్పుడు, ఎనిమిదో రౌండులో డగ్లస్ కింద పడినప్పుడు రిఫరీ లెక్క నెమ్మదిగా సాగిందంటూ ఆ ఫలితాన్ని తుడిచేయించాలని కింగ్ చూశాడు. లోకమంతా తప్పుపడితే కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గక తప్పలేదు, ఆ తరువాత డగ్లస్‌తో కోర్టులకెక్కాడు. ఆప్షన్ రాయించుకోవడం తప్పని నేను అనను. 2000లో ఆలీ పేరు మీద వచ్చిన చట్టం అలా షరతు పెట్టి రాయించుకున్న హక్కుకు 12 నెలల హద్దు పెట్టింది. ఆ హద్దు లోపల నీ ఇష్టం.

మేనేజర్ సంగతి మాత్రం నీ ఇష్టానికి వదలను. ప్రమోటర్ పోటీ ఖర్చు తగ్గించాలని చూస్తాడు, మేనేజర్ తన బాక్సర్‌కు వచ్చే పారితోషికం పెంచాలని చూడాలి. ఇద్దరూ ఒకరినొకరు లాగడం వల్లనే ఆ కుర్రాడికి న్యాయమైన సొమ్ము దక్కుతుంది. కింగ్ దగ్గర చాలామందికి మేనేజర్ ఆయన పెంచుకున్న కొడుకు కార్ల్ కింగే. ఎద్దు పుండు కాకికి ముద్దా? 1986లో లండన్‌లోని వెంబ్లీలో కింగ్ బాక్సర్ టిమ్ విదర్‌స్పూన్ ఛాంపియన్‌గా ఫ్రాంక్ బ్రూనోతో తలపడి గెలిచాడు. ఓడిన బ్రూనోకు దాదాపు 9 లక్షల డాలర్లు ముట్టాయి. గెలిచిన ఛాంపియన్ ఇంటికి తీసుకెళ్ళింది సుమారు 90 వేలు. నేను జీవితమంతా ఖర్చుల పట్టీలు చూసినవాడిని కాబట్టి ఆ పట్టీ ఎలా ఉంటుందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు: పైన పెద్ద అంకె, కింద శిబిరం అద్దె, తిండి, సాధనలో దెబ్బలు తిన్నవాళ్ళ కూలి, విమానాలు, మేనేజర్ వాటా అంటూ వరుసగా తీసివేతలు, ప్రతి వరుసకూ ఏదో ఒక కారణం, అడుగున బాక్సర్ సంతకం. విదర్‌స్పూన్ దావా వేశాడు, ఏళ్ళ తరువాత రాజీలో సుమారు 10 లక్షలు తెచ్చుకున్నాడు. మరో బాక్సర్ టెర్రీ నోరిస్‌కు 2003లో 75 లక్షలు, టైసన్‌కు 2004లో 1 కోటి 40 లక్షల డాలర్లు ఇలాగే రాజీల్లో వచ్చాయి. రాజీ అంటే నేరం ఒప్పుకోవడం కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంతమంది ఒకే మాట అంటుంటే లెక్కలు చూసేవాడు ఆ పుస్తకం ఇంకోసారి తెరవమంటాడు.

ప్రమోటరూ మేనేజరూ ఒకరే కాకూడదన్న నిబంధన ఆలీ పేరు మీద వచ్చిన ఆ చట్టంలో ఉంది. కానీ ఆ నిబంధన పది రౌండ్లు, అంతకు మించిన పోటీల్లో దిగేవాళ్ళకే వర్తిస్తుంది. నీ కుర్రాళ్ళు దిగబోయేది నాలుగు రౌండ్లకూ ఆరు రౌండ్లకూ. అంటే చట్టం నిన్ను అడగదు. మీ అమ్మ మాటల్లో విన్నాను, "మేనేజర్ ఎందుకు, వాళ్ళను నేనే చూసుకుంటాను" అన్నావట. నువ్వు మంచి మనసుతోనే అన్నావని నాకు తెలుసు; చిన్నప్పుడు పక్కింటి కుక్కపిల్లకు నీ కంచంలోని పెరుగన్నం పెట్టినవాడివి నువ్వు. అయినా ఆ మాట వెనక్కి తీసుకో. వాళ్ళకు నీతో సంబంధం లేని మేనేజర్ ఒకడు, వాళ్ళ భాష తెలిసిన లాయరు ఒకడు ఉండాలి, ఆ లాయరు ఫీజు నీ జేబులోంచి పోయినా సరే.

ఇప్పుడు నేను నిజంగా రాయాలనుకున్న సంగతి. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో, కింగ్ పెట్టిన పోటీలో, ఆలీ అప్పటి ఛాంపియన్ లారీ హోమ్స్‌తో తలపడ్డాడు. అప్పటికి అతనికి 38 ఏళ్ళు, మాట మందగించడం మొదలైంది. పది రౌండ్లు దెబ్బలు తిన్నాక శిక్షకుడు ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. గెలిచిన హోమ్స్ కూడా ఏడ్చాడు. ఒప్పందం ప్రకారం ఆలీకి రావలసింది 80 లక్షలు, చేతికొచ్చింది దానికన్నా సుమారు 11 లక్షల 70 వేలు తక్కువ. ఆలీ దావా వేశాడు. ఒప్పందం స్పష్టంగా ఉంది, ఇందులో వాదించడానికి కింగ్‌కు పెద్దగా ఏమీ లేదు. అప్పుడాయన కోర్టుకు వెళ్ళే బదులు, ఆలీ గౌరవించే పాత మిత్రుడు జెరెమయా షబాజ్‌ను పిలిచి, 50 వేల డాలర్ల నగదూ ఒక చెల్లుచీటీ చేతికిచ్చి, సంతకం పెట్టించుకున్నాకే డబ్బు ఇవ్వమని చెప్పి, లాస్ ఏంజెలెస్‌లో ఆసుపత్రిలో ఉన్న ఆలీ దగ్గరికి పంపాడు. ఆలీ తన లాయరును అడగలేదు, సంతకం పెట్టేశాడు, అంతటితో దావా ముగిసింది. రావలసిన ప్రతి నూరు డాలర్లకూ ముట్టింది నాలుగు డాలర్ల చిల్లర. కోట్ల డాలర్లు చూసినవాడు 50 వేలకు ఎందుకు లొంగాడని జనం అడుగుతారు. చెక్కు అంటే అంకె. ఎదురుగా పరిచిన నోట్లు అంటే డబ్బు. జబ్బుగా ఉన్నప్పుడు, ఇంటి నిండా ఆధారపడినవాళ్ళు ఉన్నప్పుడు, కళ్ళముందున్న డబ్బుకున్న బలం కింగ్‌కు బాగా తెలుసు. ఆ తెలివిని ఆయన ఎక్కడ వాడాడో చూడు నాయనా.

నాకు ఈ కథ ఇంతగా పట్టుకోవడానికి కారణం మీ తాతయ్య. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు రాకముందు మా నాన్న ఒంగోలు దగ్గర ఒక వ్యాపారికి సరుకు వేసేవాడు. ఆ వ్యాపారి ఇంటికొచ్చి, మంచం మీద నోట్లు లెక్కపెట్టి, "మీరు చదివేదేముంది బాబాయ్, మనలో మనకు" అంటూ ఖాళీ ప్రోనోటు తీసి, రెవెన్యూ స్టాంపు నాలుకతో తడిపి అంటించి, దాని మీద సంతకం పెట్టించుకున్నాడు. స్టాంపు కాస్త వంకరగా అంటుకుంది. ఆ వంకర స్టాంపే రెండేళ్ళ తరువాత లాయరు నోటీసు వెంట వచ్చిన నకలులో కనిపించింది, పైన మాత్రం నాన్న ఎన్నడూ తీసుకోని అంకె ఉంది. చెరువు కింద ఎకరం అలా పోయింది. మీ అమ్మ అప్పుడు పసిపిల్ల, ఆమెకు తెలియదు. నీ కాగితాల్లో ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచి ఏ బాక్సర్ చేతా సంతకం పెట్టించవద్దు. పోటీ అయిన రాత్రి, మొహం వాచి, ఒంట్లో సత్తువ లేని మనిషి ముందు ఏ కాగితమూ పెట్టవద్దు. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వు, ఖర్చుల పట్టీ ముందే ఇవ్వు.

ఇంకొకటి, ఇది నా భయమే అనుకో. ఆ ఇద్దరు కుర్రాళ్ళ వీసా నీ కంపెనీ అర్జీ మీద వస్తుంది. కింగ్‌కు తన అమెరికా బాక్సర్ల మీద లేని అధికారం అది: వాళ్ళు నీతో గొడవపడితే వాళ్ళకు ఈ దేశంలో నిలబడే చోటే ఉండదు. వాళ్ళ పాస్‌పోర్టులు "భద్రంగా ఉంటాయని" నీ బీరువాలో పెట్టుకున్నావని విన్నానంటే నేనే వచ్చి తీసి ఇస్తాను. 1985లో కింగ్ పన్ను ఎగవేత కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన దగ్గర పనిచేసిన ఆమె దోషిగా తేలింది. నీ కంపెనీ లెక్కలు మీ చెల్లెలు చూస్తుందట. చూడనీ, కానీ సంతకాలు నువ్వే చెయ్యి. మీ అమ్మ పేరున ఉన్న గుంటూరు ఇంటి కాగితాలు ఏ బ్యాంకుకూ ఇవ్వవద్దు. అడిగితే ఆమె కాదనలేదు, అందుకే అడగవద్దంటున్నాను.

ఫొటో తీసేయమని నేను అనను, అది నీ గోడ. ఒప్పందం ముసాయిదా అచ్చుకు వెళ్ళకముందు నాకు పంపు, ఫోనులో కాదు, కాగితం మీద, వరుసల మధ్య ఎడం ఉండేలా. నేను ఎర్ర సిరాతో రాసేవాడిని. పోటీకి మీ అత్తయ్యా నేనూ వస్తాం. ఉచిత పాసులు పంపవద్దు, చుట్టాలకు పంచిన పాసులతోనే కొత్త ప్రమోటర్ల హాళ్ళు నిండుతాయి, పెట్టెలు ఖాళీ అవుతాయి. రెండు టికెట్లు డబ్బిచ్చి కొంటాను, వెనక వరుసలో చూడు, మీ అత్తయ్య రక్తం చూడలేదు.

ఆశీస్సులతో,
మామయ్య