పెనం మీద కోడి ముక్క వేగదేం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కోడి గురించే. అందులోనూ అందరి బాధా దాదాపు ఒకటే, మసాలా పట్టించడం వరకూ బాగానే ఉంటోంది, పొయ్యెక్కాకే కథ అడ్డం తిరుగుతోంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి, ఈ వారం కోడి సంగతే చూద్దాం.

ప్రశ్న: కిలో చికెన్‌కి రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా, నిమ్మరసం పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. మర్నాడు బాండీలో వేసిన పది నిమిషాలకి నీళ్లు ఊరి చెరువైపోతుంది. మసాలా అంతా జారిపోయి ముక్కలు తెల్లగా తేలుతుంటాయి. సరే ఇగరనిద్దాం అని ఉంచితే అడుగంటి మాడు వాసన. మాది అపార్ట్‌మెంట్, బయట నిప్పుల మీద కాల్చుకునే వీలు లేదు. పొయ్యి మీద హోటల్లోలాగా రాదా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వస్తుందండీ. అచ్చం హోటల్లోలాగా అని మాటివ్వను కానీ, పిల్లలు గిన్నె నాకేలా మాత్రం వస్తుంది.

మీ ఉత్తరం చదువుతుంటే నా పాత భాగోతం గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల అద్దింట్లో ఉండేవాళ్లం. అత్తగారూ మామగారూ వస్తున్నారని కిలోన్నర చికెన్‌కి రాత్రంతా మసాలా పట్టించి, పొద్దున ఉన్నదంతా ఒకే బాండీలో ఒకేసారి కుమ్మరించాను. మామగారు పాపం అన్నంలో కలుపుకుని తిని "పులుసు బాగుందమ్మా" అన్నారు. నేను చేసింది వేపుడు.

తప్పు మసాలాలో లేదు, నీళ్లలో ఉంది. కోడిమాంసంలో దాదాపు ముప్పావు వంతు నీరే. దానికి మీరు పెరుగు కలిపారు, నిమ్మరసం పిండారు, ఉప్పు వేసి రాత్రంతా ఉంచారు కాబట్టి ఆ ఉప్పు కూడా కొంత నీటిని బయటికి లాగింది. ఇంత తడిని ఫ్రిజ్ చల్లదనంతో సహా తెచ్చి బాండీలో వేస్తే బాండీ చల్లబడుతుంది, ఊరిన నీళ్లు ఆవిరయ్యే లోపే ఇంకా ఊరుతుంటాయి. నీళ్లు ఉన్నంతసేపూ లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క పైన ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే మాత్రం వేడి 140 డిగ్రీల దాకా వెళ్లాలి. అంటే నీళ్లు పోయేదాకా మీరు ఎంత మంట పెట్టినా అది ఉడకడమే, వేగడం కాదు. హోటల్ వాళ్ల తందూరీ బట్టీలో వేడి 400 డిగ్రీల పైన కూడా ఉంటుంది, పైగా ముక్క చువ్వకి వేలాడుతుంది కాబట్టి ఊరిన నీరు కింద నిప్పుల్లో పడిపోతుంది. మన బాండీలో ఆ నీరు ఎక్కడికి పోతుంది చెప్పండి?

కాబట్టి ఉన్నవి రెండు దారులు. నీళ్లు రాకుండా చూసుకోవడం ఒకటి, వచ్చిన నీళ్లని వాడుకోవడం ఇంకొకటి.

కాల్చిన ముక్కలా కావాలంటే మొదటిది. ఎముక లేని తొడ ముక్కలు తీసుకోండి, రొమ్ము ముక్క అయితే చూస్తుండగానే పీచులా ఎండిపోతుంది. పెరుగుని పల్చటి బట్టలో మూటకట్టి రెండు గంటలు వేలాడదీసి, మిగిలిన గట్టి ముద్దని మాత్రమే వాడండి. కిలోకి రెండు చిన్న చెంచాల మెత్తుప్పు సరిపోతుంది. నిమ్మరసం రాత్రే పిండకండి, పులుపులో మరీ ఎక్కువసేపు నానితే ముక్క పైభాగం సుద్దలా అయిపోతుంది, దించాక పిండుకుంటే వాసన కూడా నిలుస్తుంది. పచ్చిబొప్పాయి రాసే అలవాటుంటే ఒక చిన్న చెంచా చాలు, అదీ గంటకి మించొద్దు, రాత్రంతా ఉంచితే ముక్క కాదు ముద్ద మిగులుతుంది.

పొయ్యి దగ్గరికొచ్చాక ముక్కకి అంటిన మసాలాలో ఎక్కువైనది వేలితో తుడిచేయండి. అయ్యో మసాలా పోతుందే అనుకోవద్దు, లోపలికి పట్టాల్సిన ఉప్పు రాత్రే పట్టింది, పైన మందంగా ఉన్నది మాడటానికే పనికొస్తుంది. బరువైన ఇనుప పెనం పెట్టి బాగా కాగనిచ్చి, నూనె పెనానికి కాక ముక్కకి రాసి, ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు ముక్కలే పరవండి. వేసిన వెంటనే కదపాలని చెయ్యి లాగుతుంది చూశారూ, అక్కడే ఆగాలి. ముక్క ఎర్రబడితే తనే పెనాన్ని వదిలేస్తుంది, అంటుకుని ఉందంటే ఇంకా టైముందని. మధ్యస్థ మంట మీద ఒక్కో వైపు ఐదారు నిమిషాలు. కిలో అంటే మూడు నాలుగు వాయిలు పడుతుంది, ఓపిక ఉండాలి మరి. నాన్‌స్టిక్ పెనం మాత్రం ఇలా ఖాళీగా పెద్ద మంట మీద కాల్చకండి, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది.

రెండోది అసలు మన ఇళ్ల పద్ధతే, నాకైతే ఇదే ఇష్టం. ఎముకున్న కూర ముక్కలకి దీన్ని మించింది లేదు. పట్టించినదంతా నూనె లేకుండా బాండీలో వేసి మూతపెట్టి మధ్యస్థ మంట మీద పదీ పన్నెండు నిమిషాలు దాని నీళ్లలోనే ఉడకనివ్వండి. తర్వాత మూత తీసి మంట పెంచండి. ఇప్పుడు చెవి అటు పెట్టండి. నీళ్లున్నంతసేపు గుడగుడ అంటుంది, నీళ్లు అయిపోగానే ఆ శబ్దం చిటపటకి మారుతుంది. ఆ మారిన క్షణంలో మంట తగ్గించి, మూడు గరిటెల నూనె, రెండు రెబ్బల కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేసి అట్లకాడతో అడుగు గీరుతూ వేయించండి. మీరు మాడ్చుకుంటున్నది ఈ మలుపులోనే, నీళ్లు ఇగిరాయి కదా అని టీవీ దగ్గరికి వెళ్తారు, రెండు నిమిషాలు చాలు అడుగంటడానికి.

ఎప్పుడైనా పొరపాటున చెరువైపోతే కంగారుపడి పారబోయకండి. ఆ నీళ్లని గరిటెతో వేరే గిన్నెలోకి తీసి, ముక్కల్ని నూనెలో ఎర్రగా వేయించి, ఆ రసం మళ్లీ కొద్దికొద్దిగా పోస్తూ ఇగరబెట్టండి. రుచంతా దాంట్లోనే ఉంది.

ప్రశ్న: పెనం మీద చికెన్ వేస్తే చాలు, ఇల్లంతా పొగ, ఘాటు. పాప దగ్గుతూనే ఉంటుంది, ఎదురు ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టి మరీ అడిగారు. కారం తగ్గిస్తే మావారు ముట్టరు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మిర్చి యార్డు పక్క ఊళ్లో పెట్టుకుని కారం తగ్గించమని నేనెలా చెప్తానమ్మా. తగ్గించొద్దు, వేసే సమయం మార్చండి.

మిరపలో మంట పుట్టించేది నూనెలో కరిగే పదార్థం. కారం పొడి నేరుగా కాగిన పెనానికి తగిలి మాడినప్పుడు అది ఆవిరితో, పొగతో కలిసి గాల్లోకి లేస్తుంది, గొంతులో గుచ్చుకునేది అదే. అందుకని పట్టించేటప్పుడు రంగు కోసం బ్యాడిగి కారం వాడండి, కర్ణాటక నుంచి వచ్చేది, రంగెక్కువ, మంట తక్కువ. మీవారి కోసం వేసే ఘాటైన తేజ కారం మాత్రం ముక్క వేగిపోయాక, పొయ్యి కట్టేసి ఆ వేడి మీదే చల్లి కలపండి. నోటికి మంట అంతే తగులుతుంది, ఇంట్లో దగ్గు సగానికి సగం తగ్గుతుంది. మసాలాలో తేనె, చక్కెర లాంటివి కలుపుతుంటే మానేయండి, అన్నిటికంటే ముందు మాడేవి అవే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగ వచ్చాక వేయడం కాదు, పొయ్యి వెలిగించకముందే వేసి, వంటగది కిటికీ తెరిచి, హాల్లోకి వెళ్లే తలుపు మూసేయండి. చిమ్నీ ఉంటే దాని జాలీ జిడ్డు పట్టి మూసుకుపోయిందేమో ఒకసారి వేడినీళ్లలో సబ్బు వేసి కడగండి. చాలా ఇళ్లలో చిమ్నీ శబ్దం చేస్తుంది కానీ పని చేయదు. ఎదురింటి ఆంటీకి ఓ గిన్నెడు పంపండి, అదీ పనిచేస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను గుణదలలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నా. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే ఉంది. లెగ్ పీసులు పైన నల్లబడ్డాయి, కొరికితే ఎముక దగ్గర ఎర్రగా ఉంది. తినొచ్చా లేదా అని టెన్షన్. ఫ్రిజ్ కూడా లేదు, పొద్దున మసాలా కలిపి సాయంత్రం వండుకోవచ్చా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: రెండో దానికి ముందు చెప్తాను తమ్ముడూ, వద్దు. ఫ్రిజ్ లేకుండా పచ్చి చికెన్ రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, మన బెజవాడ ఎండల్లో అయితే గంటే. పెరుగు, ఉప్పు, కారం పట్టించాం కదా పాడవదు అనుకుంటారు, అది ఊరగాయ కాదు. కొనుక్కొచ్చి, అరగంట ఉప్పూ మసాలా పట్టించి వండుకో, కత్తితో ఎముక దాకా గాట్లు పెడితే ఆ అరగంట చాలు.

ఎర్రగా ఉండటం గురించి: బ్రాయిలర్ కోళ్లు చిన్న వయసువి, వాటి ఎముకలోని మూలుగ రంగు ఉడికాక కూడా పక్క మాంసానికి అంటుకుంటుంది. కాబట్టి ఒక్క రంగు చూసి తేల్చకూడదు. మందంగా ఉన్నచోట కత్తి దించితే రసం తేటగా రావాలి, మాంసం మెరుస్తూ సాగకుండా ఎముక నుంచి ఊడిరావాలి. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపించాలి. నీకు పైన నల్లబడి లోపల పచ్చిగా ఉందంటే వేడి మరీ ఎక్కువ పెట్టావు. ఇండక్షన్‌లో గిన్నె అడుగు చటుక్కున కాగుతుంది, అందుకని తక్కువలో పెట్టి, అరకప్పు నీళ్లు పోసి మూతపెట్టి, మధ్యలో తిప్పుతూ 20 నుంచి 25 నిమిషాలు ఉడికించి, మూత తీసి చివర్లో వేయించుకో. అనుమానం ఉంటే ఇంకో ఐదు నిమిషాలు ఉంచు, పోయేదేం లేదు.

ప్రశ్న: పొగ రుచి కోసం చిన్న బొగ్గుల కుంపటి వంటగదిలో పెట్టుకుంటే ఏమన్నా అవుతుందా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: అవుతుందండీ, ప్రాణానికే ముప్పు. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు, తలనొప్పి, మగత అనుకునేలోపే మనిషి పడిపోతాడు. కుంపటి డాబా మీదే.

రుచే కావాలంటే ముక్కలన్నీ వేగాక పొయ్యి కట్టేసి, బాండీ మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, ఎర్రగా కాలిన ఒక్క బొగ్గు ముక్క అందులో వేసి, పైన అరచెంచా నెయ్యి వేయగానే మూత బిగించండి. కిటికీలు తెరిచే ఉంచండి. రెండు మూడు నిమిషాలు చాలు, ఎక్కువైతే చేదు. తర్వాత ఆ బొగ్గుని నీళ్లలో వేసి ఆర్పండి, చెత్తబుట్టలో అలాగే పడేయకండి.

ప్రశ్న: ముక్కలు తీసేశాక మిగిలిన మసాలా పారేయడానికి మనసొప్పదు. చట్నీలా వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: అలాగే వాడొద్దు, పచ్చి చికెన్ నానింది అది. ఉల్లిపాయలు వేయించి, అందులో ఈ మసాలా వేసి, కొంచెం నీళ్లు పోసి కుతకుతలాడేలా ఉడికించి, నూనె పైకి తేలేదాకా ఇగర్చండి. పెరుగు విరిగినట్టు కనిపిస్తుంది, ఫర్వాలేదు, కలుపుతూ ఉంటే సర్దుకుంటుంది. ఉప్పు మాత్రం రుచి చూడకుండా వేయకండి, మసాలాలో ఇప్పటికే ఉంది. ఆ చూడటం కూడా ఉడికాకే.