లేచినప్పుడల్లా మోకాళ్ళు టప్పుమంటున్నాయి, గుజ్జు అయిపోయినట్టేనా?

వయసు ముప్పై నాలుగు, నొప్పి లేదు, వాపు లేదు, కింద కూర్చుని లేస్తే మాత్రం రెండు మోకాళ్ళూ టప్పుమంటున్నాయి, పక్కింటాయన "గుజ్జు అయిపోయింది, మెట్లు ఎక్కకు" అన్నాడు అని రాశారు. ఆయన మాట వినకండి. అలాంటి మాట విని నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మాది హనుమకొండ. నలభై దాటాక ఒక ఎంగిలిపూల బతుకమ్మ నాడు నాకిది మొదలైంది. తాంబాలంలో గునుగు, తంగేడు పేరుస్తూ రెండు గంటలు నేల మీదే కూర్చుండిపోయాను. లేవగానే ఎడమ మోకాలు ఎండుపుల్ల విరిచినట్టు పటుక్కుమంది. మా అత్తమ్మ ఉలిక్కిపడి "ఏమి విరిగిందమ్మా?" అన్నారు. నాకు నొప్పి ఇసుమంతైనా లేదు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. చుట్టాలు తలా ఒక మాట అనేసరికి భయపడి నేల మీద కూర్చోవడం మానేశాను. మూడో అంతస్తులో ఉంటాం, మెట్లు మానేసి లిఫ్టే గతి అనుకున్నాను. ఏటా ఎక్కే పద్మాక్షి గుట్ట కూడా ఎక్కలేదు. ఒక చోట చూపిస్తే కాలు వంచి కూడా చూడకుండా కాల్షియం, గుజ్జు పెంచే మాత్రలట, నాలుగు నెలలకు రాసిచ్చారు. చప్పుడు తగ్గలేదు సరికదా, ఏడాది తిరిగేసరికి లేని నొప్పి వచ్చింది.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ మోకాలు జోలికి పోకుండా ముందు టేపు తీసి రెండు తొడలూ కొలిచారు. ఎడమది రెండు సెంటీమీటర్లు తక్కువ! మోకాలి చిప్పను దారి తప్పకుండా నడిపించేది తొడ ముందు కండరమే, వాడకుండా దాన్ని నేనే ఎండబెట్టుకున్నాను. పైగా కీలులోని మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అనేదానికి, రక్తనాళాలు ఉండవు. కాలు ఆడుతుంటేనే చుట్టూ ఉన్న జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది.

ఇక చప్పుడు సంగతి. ఆ ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. కీలు సాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, సోడా మూత తీసినట్టు బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే. 2015లో కెనడాలో వేళ్ళు విరుస్తుండగా ఎంఆర్ఐ తీసి దీన్ని చూశారు. మెటికలు విరిస్తే కీళ్ళు అరుగుతాయన్న మాటను పరీక్షించడానికి డోనాల్డ్ అంగర్ అనే అమెరికా వైద్యుడు అరవై ఏళ్ళు ఒక్క ఎడమ చేతి వేళ్ళే విరిచాడు. రెండు చేతుల్లో దేనికీ కీళ్ళవాతం రాలేదు. ఒక్క మనిషి లెక్క అనుకోండి, అయినా ఆ ఓపికకు దండం పెట్టాలి.

మీరే ఒకసారి చూసుకోండి. అరచేయి మోకాలి చిప్ప మీద పెట్టి కుర్చీలోంచి లేవండి. ఒకసారి టప్పుమని, మళ్ళీ ఇరవై నిమిషాల దాకా రాకపోతే అది బుడగ. లేచిన ప్రతిసారీ అదే చోట టక్కుమంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటి స్నాయువు ఏదో ఎముక అంచు దాటుతున్నట్టు. చేతికి ఇసుక నలిగినట్టు గరగర తగిలితే చిప్ప వెనుక ఒరిపిడి. అదీ నొప్పి లేనంత వరకు రోగం కాదు.

నాకు చెప్పినవి మూడే పనులు. కాలు చాపి మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, అయిదు అంకెలు లెక్కించేదాకా కిందికి నొక్కడం, పది సార్లు. కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తి దించడం. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మూడు నెలల్లో నొప్పి పోయింది. చప్పుడు పోలేదు. పోయినేడు బతుకమ్మ పేర్చి లేస్తే మళ్ళీ పటుక్కుమంది, అత్తమ్మ తల కూడా ఎత్తలేదు.

డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుని చాపలేకపోయినా, నడుస్తుంటే పట్టు తప్పి మడత పడినా, ఆటలోనో బండి మీంచి పడినప్పుడో పటుక్కుమని కొద్ది గంటల్లో ఉబ్బినా ఆలస్యం చేయకండి. అక్కడ చప్పుడు గురించే చెబుతూ కూర్చోకండి. ఎక్కడ నొస్తోంది, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఎప్పటి నుంచి అన్నది చెప్పండి. కాలు వంచి చూడకుండానే మందుల చీటీ చేతిలో పెడితే మాత్రం లేచి వచ్చేయండి.