పాత లేత్‌కి ఇంజనాయిలు పోయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన హెచ్.ఎం.టి. లేత్ (ఇనప రాడ్డుని తిప్పుతూ చెక్కే మిషన్) చాలాకాలంగా షెడ్డులో ఊరికే పడి ఉంది. దాన్ని మళ్లీ నడపాలని నా కోరిక. హెడ్‌స్టాక్‌లో, అంటే రాడ్డుని తిప్పే గేర్ల పెట్టెలో, ఆయిలు నల్లగా, చిక్కగా ఉంది. మా ఊరి మెకానిక్ 20డబ్ల్యూ-40 ఇంజనాయిలు పోసి, బెడ్డుకి (మిషన్ పొడవునా ఉండే ఇనప పట్టాలకి) గ్రీజు పట్టించమన్నాడు. ఒక ముక్క చెక్కి చూస్తే టేపర్ వచ్చింది, అంటే ఒక చివర లావు, ఒక చివర సన్నం. బెడ్డు అరిగిపోయింది, గ్రైండింగ్‌కి పంపాలంటున్నాడు. నిజమేనా? - ఒక పాఠకుడు, తణుకు

జవాబు: గ్రైండింగ్ మాట ఇప్పుడే వద్దు. హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో పాత మిషన్ల మధ్యే నా సర్వీసంతా గడిచింది. అరిగిపోయాయని మూలన పడేసిన వాటిలో చాలావాటికి అసలు జబ్బు ఆయిలు అందకపోవడమే. నాన్నగారి చేతి మిషన్ అంటున్నారు, దాన్ని తొందరపడి ఎవరి చేతుల్లోనూ పెట్టకండి. ముందు ఆయిలు దారులు తెరవాలి, తర్వాత లెవెల్ చూడాలి. అరుగుదల సంగతి ఆ రెండూ అయ్యాకే.

తక్కువ స్పీడులో కాసేపు తిప్పి, ఆయిలు గోరువెచ్చనయ్యాక మెయిన్ స్విచ్ ఆపి, డ్రెయిన్ బోల్టు విప్పండి. దిగిన ఆయిలుని తెల్లటి పళ్లెంలో పట్టి అడుగున చేరే రజను చూడండి. అయస్కాంతం కింద పెడితే అంటుకునేది ఇనుము, గేర్లదో బేరింగులదో. అంటుకోకుండా పచ్చగా మెరిసేది కంచు, అంటే ఏదో బుష్ (షాఫ్టు తిరిగే కంచు గొట్టం) అరుగుతోంది. సన్నటి పొడైతే కంగారు లేదు. పెచ్చులు కనిపిస్తే మాత్రం పై మూత తీసి లోపల చూడందే నడపకండి. ట్యాంకుని కిరసనాయిలుతో కడిగి, నూలు రాలని పాత పంచె గుడ్డతో తుడవండి. కాటన్ వేస్ట్ వద్దే వద్దు, దాని పోగులు వెళ్లి ఆయిలు బెజ్జాల్లో ఇరుక్కుంటాయి.

ఇక ఇంజనాయిలు. బండి ఇంజన్లో మసిని ఆయిల్లోనే తేలేట్టు పట్టి ఉంచే మందు అందులో కలుపుతారు. అక్కడ ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఆ మురికి దాని దగ్గర ఆగుతుంది. ఫిల్టర్ లేని హెడ్‌స్టాక్‌లో మురికి అడుగుకి దిగిపోవాలి, పైన తేలుతూ బేరింగుల్లో తిరగకూడదు. పైగా 40 డిగ్రీల వేడి దగ్గర 20డబ్ల్యూ-40 చిక్కదనం వంద దాటుతుంది. ఇలాంటి లేత్‌లకి సాధారణంగా అడిగేది 68 గ్రేడు. డబ్బా మీద ఉండే ఆ 68 అంకె అదే 40 డిగ్రీల దగ్గరి చిక్కదనం. మాన్యువల్ దొరికితే అందులో చెప్పిందే పోయండి. దొరక్కపోతే సర్వోసిస్టమ్ 68 లాంటి హైడ్రాలిక్ ఆయిలు, ఆయిలు మట్టం చూపే గాజు కన్ను మీది గీత వరకు. గేరాయిలూ వద్దు. లారీ డిఫరెన్షియల్లో పోసే రకంలో ఉండే గంధకం కంచు బుష్‌లని తినేయగలదు.

బెడ్డుకి గ్రీజు రాస్తే చిప్స్, అంటే కోతలో రాలే ఇనప ముక్కలు, వచ్చి దాంట్లో కూరుకుంటాయి. కోసే టూల్‌ని మోస్తూ బెడ్డు మీద జరిగే సాడిల్ దాని మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఎమరీతో రుద్దినట్టే. దానికి స్లైడ్ ఆయిలు వేరే ఉంది, సర్వోవే 68 లాంటిది, నిలిచి అంటుకుని ఉంటుంది. సాడిల్ మీద చిన్న చిన్న బాల్ నిపుల్స్ (గుండు అడ్డున్న ఆయిలు బెజ్జాలు) ఉంటాయి చూడండి, ఆయిల్ కేన్ ముక్కుతో ఆ బాల్‌ని నొక్కి ఆయిలు కొట్టాలి. కొట్టాక సాడిల్ కింద బెడ్డు మీద తడి కనబడాలి. కనబడలేదంటే దారి జిడ్డు గట్టి పూడుకుపోయింది. ఇంజెక్షన్ సిరంజితో కిరసనాయిలు ఎక్కించి, నానబెట్టి, సన్న తీగతో పొడవండి. సాడిల్ అంచున ఉండే ఫెల్టు ముక్కలు ఈపాటికి గట్టిపడి ఉంటాయి, కొత్తవి కోసి పెట్టండి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ రూపాయి ఖర్చు ఫెల్టుని ఎవరూ పట్టించుకోకపోవడం.

టేపర్ సంగతి. 40 మి.మీ. రాడ్డుని చక్‌లో (రాడ్డుని బిగించి పట్టే భాగం) పట్టి 150 మి.మీ. బయటికి ఉంచండి, రాడ్డు అవతలి కొసకి ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ ఆనించకండి. మధ్యలో సన్నగా తీసి, రెండు చివర్లా రెండు కాలర్లు (లావు పట్టీలు) వదిలి, టూల్‌ని రాడ్డు వైపు జరిపే క్రాస్ స్లైడ్ కదపకుండా రెండింటి మీదా సన్నటి కట్ వేసి మైక్రోమీటర్ పట్టండి. చక్‌కి దూరంగా ఉన్న కాలర్ లావుగా వస్తే, టెయిల్‌స్టాక్ వైపు మీరు నిలబడే పక్క కాలు కింద సన్నటి రేకు పెట్టి మళ్లీ చూడండి. సన్నగా వస్తే అవతలి పక్క కాలు లేపాలి. గచ్చు సమంగా లేక బెడ్డు మెలి తిరగడం వల్ల వచ్చే టేపర్ ఇలా పోతుంది. అప్పటికీ పోకుండా, సాడిల్ చక్ దగ్గర వదులుగానూ అవతలికి జరిపితే బిగుతుగానూ ఉంటే అప్పుడది అరుగుదలే. గ్రైండింగ్ షాపు అడ్రసు అప్పుడు వెతుకుదాం.

ప్రశ్న: మూడు జాస్ (పట్టు దవడలు) ఉన్న లేత్ చక్ తిప్పితే బిగుసుకుపోతోంది. గ్రీజు కొట్టినా లాభం లేదు. - ఒక విద్యార్థిని, ఐ.టి.ఐ., వరంగల్

జవాబు: ఆ గ్రీజులోనే చిప్స్ ముద్దయి ఉంటాయమ్మా. జాస్ మూడూ బయటికి తీసి, లోపల జాస్‌ని కదిపే చుట్టల గాడి పళ్లెం, స్క్రోల్‌ని కిరసనాయిలుతో, బ్రష్‌తో కడిగి, ఆరాక పల్చటి ఆయిలు నాలుగు చుక్కలు చాలు. జాస్ మీద 1, 2, 3 అంకెలు కొట్టి ఉంటాయి. తిరిగి ఎక్కించేటప్పుడు స్క్రోల్ కొస కనబడగానే 1వ గాడిలో 1వ జా, అదే వరుసలో మిగతావి. వరుస తప్పితే జాబ్ సెంటర్‌కి రాదు. పని అయ్యాక చక్ తాళంచెవి చక్‌లో వదలకు, పొరపాటున మిషన్ ఆన్ అయితే అది ఎగిరొచ్చి తగులుతుంది.