ముందు సెల్లార్ తేల్చు, టవర్ సంగతి తర్వాత

అమ్మడూ,

కోకాపేట వైపు ఐదెకరాల ప్రాజెక్టు నీ చేతికొచ్చిందని, షాపులూ ఆఫీసులూ ఫ్లాట్లూ అన్నీ అందులోనే ఇరికించమంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. ఇవన్నీ ఒకేచోట ఎలా డిజైన్ చెయ్యాలని నువ్వు అడిగావు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, చాదస్తం అనిపిస్తే మామయ్యే కదా అని సర్దుకో.

ముందు ఆ బిల్డరు బుర్రలో ఏం తిరుగుతోందో పట్టుకో. 2023 ఆగస్టులో కోకాపేటలోనే ఉన్న నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది కదా, అక్కడ కొన్నవాడే కాదు ఆ చుట్టుపక్కల భూమి ఉన్న ప్రతివాడూ ఇంక గజం కూడా ఖాళీగా వదలడు. పైగా 2006లో బిల్డింగ్ రూల్స్ జీవో 86 వచ్చాక మనకి ఎఫ్ఎస్ఐ లిమిట్, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేకుండా పోయింది, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (చుట్టూ వదిలే ఖాళీ) సరిపోయి ఫైర్ వాళ్లూ ఎయిర్‌పోర్టు వాళ్లూ సరే అంటే పైకి పోతూనే ఉండొచ్చు. అందుకే మీటింగులో అందరూ టవర్ గురించే మాట్లాడతారు. మాట్లాడనీ. గ్రౌండ్ ఫ్లోరూ సెల్లార్లూ తేలేదాకా నువ్వు మాత్రం పైకి చూడకు. ఉండేవాళ్లకీ ఉద్యోగాలకొచ్చేవాళ్లకీ షాపింగ్‌కొచ్చేవాళ్లకీ గొడవలొచ్చేది కిందే, ముప్ఫయ్యో అంతస్తులో ఎవడికీ ఎవడితోనూ పేచీ ఉండదు.

మొదటి పేచీ కాలమ్స్‌తో. సెల్లార్లో రెండు కాలమ్స్ మధ్య మూడు కార్లు పట్టాలంటే 8.4 మీటర్లు పెడతాం, షాపులకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది, ఆఫీసులకీ పర్లేదు. అదే గ్రిడ్డు (కాలమ్స్ వరసలు) మీద ఫ్లాట్లు ఎక్కించావనుకో, కాలమ్ తీసుకెళ్లి ఎవరి హాల్ మధ్యలోనో నిలబెడుతుంది. దాన్ని తప్పించడానికి మధ్యలో ట్రాన్స్‌ఫర్ ఫ్లోర్ అని భారీ బీములు వేసి అక్కడికి ఇంత ఖర్చు పెడతారు. ఐదెకరాలు ఉన్నప్పుడు ఆ పాట్లు ఎందుకు? షాపుల మీద ఆఫీసులు పెట్టు, ఫ్లాట్ల టవర్ పక్కన విడిగా, దాని కాలమ్స్ దాని కిందే పునాది దాకా దిగేలా పెట్టు. జాగా అరెకరమో ఎకరమో ఉంటే వేరే సంగతి, అప్పుడు ఒకదాని మీద ఒకటి తప్పదు.

వాళ్లు వినకుండా షాపుల మీదే ఫ్లాట్లు కావాలంటే మాత్రం మధ్యలో ఒక సర్వీస్ ఫ్లోర్ పట్టుబట్టి తీసుకో, ప్లంబరు నిలబడి పనిచేసేంత ఎత్తుండాలి. ఒకచోట చూశా, శ్రావణమాసం, పట్టుచీరల షాపు కిటకిటలాడుతోంది, ఫాల్స్ సీలింగులోంచి చుక్క చుక్కగా కౌంటర్ మీద పడుతోంది. పైన ఫ్లాటు బాత్రూమ్ లైను. ఆ ఫ్లాటాయన ఊళ్లో లేడు, తాళం. షాపాయన చీరలన్నీ గోడవైపు జరిపి బకెట్ పెట్టుకుని, వచ్చిన ప్రతి కస్టమరుకీ అది మంచినీళ్లేనమ్మా అని చెప్తున్నాడు పాపం. పైపులు షాపు నెత్తిమీద కాకుండా సర్వీస్ ఫ్లోర్లో ఉంటే ఎవరి తాళం తియ్యక్కర్లేకుండా గంటలో అయిపోయే పని అది.

అలాగే హోటళ్ల పొగ. ఫుడ్ కోర్టు ఎక్కడొస్తుందో తర్వాత చూద్దాం అని మార్కెటింగ్ వాళ్లు అంటారు, నమ్మకు, తర్వాత పొగని పైకి తీసుకెళ్లే షాఫ్టుకి చోటుండదు. కిచెన్ ఎగ్జాస్ట్ పొగ టెర్రస్ దాకా వెళ్లిపోవాలి, లేకపోతే బిర్యానీ తాలింపు ఘాటంతా మొదటి వరస ఫ్లాట్లవాళ్ల పడగ్గదుల్లోకే, వాళ్లు శాకాహారులైతే ఇంక చెప్పక్కర్లేదు.

బండ్లు. ఫ్లాట్లవాళ్ల గేటూ ర్యాంపూ పూర్తిగా వేరే ఉండాలి, శనివారం సాయంత్రం మాల్‌కొచ్చే కార్ల వెనక గంటసేపు ఆగి ఇంటికెళ్లమంటే ఎవరూరుకుంటారు. ఆఫీసు, మాల్ పార్కింగ్ మాత్రం కలిపెయ్, ఉద్యోగులు వెళ్లే టైముకే షాపింగ్ జనం వస్తారు కాబట్టి రూల్ ఒప్పుకున్నంత మేర కలిపితే ఒక సెల్లార్ మిగిలినా మిగులుతుంది. మన నేలలో ఒక సెల్లార్ మిగలడమంటే మాటలు కాదు, కింద అంతా గ్రానైట్ బండ, బ్లాస్టింగ్, పక్కవాళ్ల కంప్లైంట్లు. తెల్లారుజామున కూరగాయల డీసీఎం వ్యాను రివర్స్ హారన్ కొట్టుకుంటూ వస్తుంది, ఆ లోడింగ్ జాగా ఏ బాల్కనీ కిందా ఉండకూడదు. డెలివరీ కుర్రాళ్ల బైకులకి చోటు ఎవరూ గియ్యరు, నువ్వు గియ్యి, లేకపోతే వాళ్లు మెయిన్ గేటు దగ్గరే ఆపుతారు, వాళ్ల తప్పేం లేదు.

2020 అక్టోబరు వానలు గుర్తున్నాయిగా, సెల్లార్లు ఎలా మునిగాయో. ర్యాంపు మొదట్లో రోడ్డుకంటే ఎత్తుగా ఒక మిట్ట పెట్టు, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు) అట్టడుగు సెల్లార్లో పెట్టనివ్వకు.

షాపులు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పెద్ద విషయం. లె కార్బూజియే అంతటి పేరుమోసిన ఆర్కిటెక్టు ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో 337 ఫ్లాట్ల బిల్డింగు కట్టి (1952లో పూర్తయింది) షాపుల వీధిని మధ్య అంతస్తుల్లో, ఏడూ ఎనిమిదిలో పెట్టాడు, రోడ్డు మీద పోయేవాడికి అది కనపడదు, ఉన్న ఫ్లాట్లవాళ్లు షాపులు నిలబెట్టేంతమంది కారు, అనుకున్నట్టు వ్యాపారం సాగలేదు. చార్మినార్ దగ్గర మన పత్తర్‌గట్టి చూడు, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది, కింద రాతి కమానుల నీడలో షాపులు, పైన ఇళ్లు. మే నెల ఎండలో కూడా ఆ వరండాలో నడుచుకుంటూ పోవచ్చు. నీ సైటు రోడ్డువైపు గాజు గోడ పెట్టి మాల్ లోపలికి తిప్పకు, కమానులు కాకపోయినా నీడ ఇవ్వు, మొదటి వరసలో పాలు, మందులు, కిరాణా, టిఫిన్ సెంటర్ ఉండేలా చిన్న చిన్న షాపులు పెట్టు. బ్రాండ్లు వస్తాయి పోతాయి, రోజూ జనం దిగేది వీటికే.

వాస్తు సంగతి నవ్వుకోకుండా మొదటిరోజే అడుగు. ఫ్లాట్లు కొనేవాళ్లు తూర్పు, ఉత్తరం గుమ్మాలే అడుగుతారు, షాపులవాళ్లు రోడ్డు ఎటుంటే అటే. ఇక సైటు పల్లం ఈశాన్యంలో ఉందనుకో, ఎస్టీపీ (మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు) అక్కడే పెడితే నీళ్లు వాటంతటవే పోతాయి, కానీ ఈశాన్యంలో మురుగా అని సేల్స్ వాళ్లు నిన్ను బతకనివ్వరు. పంపింగ్ ఖర్చు వేసుకుని వాయవ్యానికి పంపెయ్, ఈ యుద్ధం నువ్వు గెలవలేవు.

పోడియం, అంటే టవర్ల అడుగున పరిచినట్టుండే బ్లాకు, దాని కప్పు మీద చెట్లు బొమ్మల్లో గీస్తారు, నిజంగా పెరగాలంటే మీటరుకి తక్కువ కాకుండా మట్టి కావాలి, ఆ బరువు స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఇప్పుడే చెప్పు. మాల్ ఫైర్ మెట్లూ ఫ్లాట్ల ఫైర్ మెట్లూ కలవకూడదు, రెండూ నేరుగా బయటికే దిగాలి. కరెంటు మీటర్లు, నీళ్లు, మెయింటెనెన్స్ అసోసియేషన్, యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) ఎవరిది ఎంత అన్నది రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టర్ చేసేముందే వకీలుతో కూర్చుని గీత గీయించు, మాల్ ఏసీ బిల్లు ఫ్లాట్లవాళ్ల మీద పడిందంటే కోర్టుల చుట్టూ తిరగడమే.

రంగుల రెండర్లు నాకు పంపకు, సెల్లార్ ప్లాన్, గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్, బిల్డింగుని నిలువునా కోసినట్టు చూపే ఒక సెక్షన్ చాలు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చెయ్, అత్తయ్య పప్పుచారు పెడుతుంది, డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని లారీ ఎటునుంచి వచ్చి ఎటు తిరుగుతుందో పెన్సిల్‌తో గీసి చూద్దాం.

మామయ్య