తొలి సీటీ నార్మల్ అన్నాక కూడా స్ట్రోక్ ఎలా ఉంటుంది, 9 గంటల తర్వాత రక్తపు గడ్డ ఎందుకు తీశారు?

మీ నాన్నగారు తెల్లవారి లేచేసరికి కుడి చేయి, కాలు పడిపోయి మాట రాలేదని, మొదటి సీటీలో ఏమీ కనిపించలేదన్న వైద్యులే డై (రక్తనాళాలు స్కాన్‌లో కనిపించేలా చేసే ద్రవం) ఎక్కించి మరో రెండు స్కాన్లు తీశారని, రాత్రి పడుకున్నప్పటి నుంచి లెక్కిస్తే 9 గంటలు దాటినా తొడ దగ్గరి రక్తనాళం గుండా వెళ్లి, మెదడు రక్తనాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను తొలగించారని రాశారు. గడువు నాలుగున్నర గంటలే అని అందరూ అంటుంటే ఇదెలా కుదిరింది, రిపోర్టుతో ఇచ్చిన రంగుల బొమ్మను ఎంతవరకు నమ్మాలి, డిశ్చార్జికి ముందు ఎంఆర్ఐలో కనిపించిన మచ్చ మాటేమిటి అని అడిగారు. నేను వైద్యుణ్ని కాను. హైదరాబాద్‌లో సీటీ టెక్నాలజిస్టుగా పనిచేసి, తరువాత మెదడు రక్తప్రసరణ చిత్రాలను విశ్లేషించే పరిశోధన బృందంలో చేరినవాణ్ని. అందువల్ల చికిత్స జోలికి పోకుండా చిత్రాల గురించే చెబుతాను.

స్ట్రోక్ అనుమానంతో వచ్చినవారికి మొదట తీసే సాదా సీటీ ప్రధానంగా మెదడులో రక్తస్రావం ఉందా లేదా తేల్చడానికే. చిమ్మిన రక్తం అప్పటికప్పుడే తెల్లగా కనిపిస్తుంది. రక్తం అందక దెబ్బతింటున్న భాగం మాత్రం నీరు చేరే కొద్దీ మెల్లగా నల్లబడుతుంది కనుక, తొలి గంటల్లో దాన్ని సీటీ పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి ఆ దశలో నార్మల్ అంటే స్ట్రోక్ లేదని కాదు. రక్తస్రావం లేదు, పెద్ద భాగమేదీ ఇంకా పూర్తిగా పోయినట్టు కనిపించడం లేదు అని. మీ నాన్నగారి విషయంలో అది శుభవార్తే.

ఇక గడువు సంగతి. ఆరోగ్యవంతమైన మెదడులో 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దరిదాపులకు పడిపోతే కణాలు పని మానేస్తాయి, కాని వెంటనే చావవు. 10కి దిగితే కణపొరలే తట్టుకోలేక కొద్దిసేపట్లో కణాలు చనిపోతాయి. ఈ రెండు హద్దుల నడుమ ఉండి, రక్తం తిరిగి అందితే కోలుకోగల ప్రాంతానికి పెనంబ్రా అన్న పేరు 1981లో పరిశోధకులు ఆస్ట్రప్, సీస్యో, సైమన్ ప్రచురించిన వ్యాసంతో స్థిరపడింది. అది ఎంతసేపు నిలుస్తుందన్నది గడియారం ఒక్కటే నిర్ణయించదు. పెద్ద కాలువ పూడిపోయినా పక్క బోదెల నుంచి ఎంతో కొంత నీరు చేరే చేను కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. మెదడు ఉపరితలం మీది చిన్న రక్తనాళాలు కొందరిలో అలాగే ఆదుకుంటాయి. అవి బలంగా ఉన్నవారిలో పది గంటల తరువాత కూడా కాపాడవలసిన భాగం మిగిలి ఉంటుంది. అవి లేనివారిలో రెండు గంటలకే అంతా అయిపోవచ్చు. నాలుగున్నర గంటలన్నది గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సంబంధించిన హద్దు. 1995లో మూడు గంటల వరకు, 2008లో నాలుగున్నర గంటల వరకు దాని ప్రయోజనం రోగులపై జరిపిన పరీక్షల్లో తేలింది. ఆ లెక్కంతా సగటు రోగిది.

గడియారం బదులు మెదడునే అడుగుదామన్న ఆలోచనతో వచ్చినదే మీ నాన్నగారికి తీసిన పెర్ఫ్యూజన్ స్కాన్, అంటే మెదడులో ఎక్కడ ఎంత రక్తం పారుతోందో చూపేది. కెటీ, ష్మిట్ అనే శాస్త్రవేత్తలు 1940లలో నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి మెదడు రక్తప్రసరణను కొలిచారు గాని, వారికి దక్కింది మెదడు మొత్తానికి ఒకే సగటు అంకె. ఏ మూల ఎంత తగ్గిందో తెలియదు. ఇప్పుడు మోచేతి దగ్గర, వీలైతే కుడి చేతికే, ఆకుపచ్చ రంగు 18 గేజ్ క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి, సుమారు 40 మిల్లీలీటర్ల డైని సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో పంపుతూ, మెదడులో అవే అడ్డుకోతల చిత్రాలను ఒక నిమిషం పాటు మళ్లీ మళ్లీ తీస్తాము. ప్రతి బిందువు దగ్గర డై ఎప్పుడు వచ్చింది, ఎంత ఎత్తుకు చేరింది, ఎప్పుడు వెళ్లిపోయింది అన్న వక్రరేఖ నుంచి సాఫ్ట్‌వేర్ రక్తప్రసరణను లెక్కకడుతుంది. సాధారణంగా ఆరు సెకన్లకు మించి ఆలస్యమైన చోటును ప్రమాదంలో ఉన్నట్టు, ప్రసరణ ఆరోగ్యంగా ఉన్న వైపుతో పోలిస్తే 30 శాతం కంటే తక్కువున్న చోటును చనిపోయినట్టు రంగు వేస్తుంది. రెండింటి మధ్య తేడా పెద్దదైతే గడ్డ తీయడంలో అర్థం ఉందన్నమాట.

2018లో ప్రచురితమైన డిఫ్యూజ్ 3 అనే క్లినికల్ పరీక్షలో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చినవారిని ఇలా ఎంచుకుని గడ్డ తీస్తే, 90 రోజుల తరువాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు 45 శాతం. మందులతోనే సరిపెట్టినవారిలో 17 శాతం. 24 గంటల వరకు వెళ్లిన డాన్ పరీక్షలో అవి 49, 13. మీ నాన్నగారి వంటి నిద్రలో వచ్చిన స్ట్రోక్‌లకు దారి తెరిచినవి ఈ రెండే.

అయినా ఆ బొమ్మ ఫొటో కాదు, లెక్కగట్టిన అంచనా అని గుర్తుంచుకోవాలి. మాట రాని రోగి డై వేడికి ఉలిక్కిపడి తల తిప్పితే చాలు, తలకు పట్టీ కట్టినా వక్రరేఖ రంపంలా తయారవుతుంది. అయినా సాఫ్ట్‌వేర్ నిస్సంకోచంగా రంగులు వేసేస్తుంది. అందుకే మా దగ్గర రంగుల పేజీ కంటే ముందు వక్రరేఖను తెరిచి చూడడం నియమం. గుండె బలహీనంగా కొట్టుకునేవారిలో డై అన్ని చోట్లకూ ఆలస్యంగానే చేరుతుంది, నిమిషంలోపు పూర్తిగా వెళ్లిపోనే పోదు. మెడలోని కెరోటిడ్ ధమని ఏళ్ల తరబడి సన్నబడి ఉన్నవారిలో, కొత్త స్ట్రోక్ ఏమీ లేకున్నా ఆ వైపు సగం మెదడు ప్రమాదంలో ఉన్నట్టు కనిపించవచ్చు. తొలి గంటల్లో చనిపోయినట్టు రంగు పడిన భాగం, గడ్డ త్వరగా తీస్తే కోలుకున్న సందర్భాలూ ఉన్నాయి.

నా అభిప్రాయం అడిగితే, పెర్ఫ్యూజన్ లేని ఊళ్లో దాని కోసం రోగిని అంబులెన్స్‌లో తిప్పడం సరికాదు. 2023లో వచ్చిన ఎంఆర్ క్లీన్ లేట్ పరీక్షలో, మామూలు సీటీ యాంజియోలో (డైతో రక్తనాళాలను చూపే స్కాన్, మీ నాన్నగారికి తీసిన రెండింటిలో రెండోది) పక్క రక్తనాళాలు కనిపిస్తున్నాయా అన్నది చూసే రోగులను ఎంచుకున్నారు; 6 నుంచి 24 గంటల మధ్య అదీ ఫలితమిచ్చింది. చనిపోయిన భాగం పెద్దదే అయినా గడ్డ తీయడం కొందరికి మేలు చేస్తుందని అదే ఏడాది మరికొన్ని పరీక్షలు చూపాయి. హద్దులు సడలుతున్నాయి కనుక, పెర్ఫ్యూజన్ మ్యాప్ (ఆ రంగుల బొమ్మ) బాగాలేదన్న ఒక్క కారణంతో రోగిని వెనక్కి పంపే రోజులు పోతున్నాయి.

రేడియేషన్ భయం చాలామందికి ఉంటుంది. 2009లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక ఆసుపత్రిలో యంత్రం సెట్టింగ్ తప్పుగా ఉండి 200 మందికి పైగా పెర్ఫ్యూజన్ స్కాన్‌లో ఎనిమిది రెట్ల మోతాదు పడిందని, కొందరికి జుట్టు రాలిందని తేలిన తరువాత నిఘా పెరిగింది. సరైన సెట్టింగ్‌తో తీస్తే ఇలాంటి అత్యవసర స్థితిలో ఆ భయం చిన్నది.

ఎంఆర్ఐలో కనిపించిన మచ్చ గడ్డ తీసేలోపే దెబ్బతిన్న భాగం అయి ఉండవచ్చు. దాన్ని తొలిరోజు మ్యాప్‌లో ప్రమాదంలో ఉన్నట్టు చూపిన ప్రాంతంతో పక్కపక్కన పెట్టి చూపించమని న్యూరాలజిస్టును అడగండి. మచ్చ దానికంటే ఎంత చిన్నదైతే అంత భాగం దక్కినట్టు. ఇందుకు ప్రింటు ఫిల్ములు చాలవు, మూడు సీటీలూ ఎంఆర్ఐ కలిపి సీడీలో ఇమ్మని రేడియాలజీ కౌంటర్‌లో అడిగి తీసుకోండి. మెడ ధమనుల పరిస్థితి కూడా ఆ యాంజియోలోనే ఉంటుంది కనుక, రెండో అభిప్రాయానికి వెళ్లినా మళ్లీ డై ఎక్కించవలసిన అవసరం చాలావరకు రాదు.