గ్రీన్ కార్డు నుంచి పౌరసత్వానికి మారితే అమెరికా రాజ్యాంగ సవరణల హక్కుల్లో తేడా ఏమిటి?

గ్రీన్ కార్డు మీద ఉన్నంతకాలం ఈ సవరణలు మనకు వర్తించవేమోనని మీరు అడిగారు. చాలావరకు వర్తిస్తాయి. 1868 నాటి పద్నాలుగో సవరణ చట్టం ముందు సమాన రక్షణను పౌరులకే పరిమితం చేయలేదు, ఏ వ్యక్తికైనా ఉందని చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే దుకాణం నడిపిన ఇక్ వో అనే చైనా దేశస్థుడు 1886లో సుప్రీంకోర్టులో గెలిచింది దీని బలంతోనే. అప్పటికి చైనా వాళ్లకు పౌరసత్వం పొందే దారి కూడా లేదు. అలాగే పోలీసులు ప్రశ్నించినప్పుడు మౌనంగా ఉండే హక్కు వీసా మీద ఉన్నవారికీ ఉంది. అయితే దేశం నుంచి పంపించివేసే కేసుల్లో మాత్రం ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వరు.

పౌరసత్వంతో కొత్తగా వచ్చేవాటిలో ఓటు గురించి అందరూ చెబుతారు. నేను జ్యూరీ గురించి, అంటే కోర్టులో నేరం రుజువైందో లేదో తేల్చే మామూలు పౌరుల బృందం గురించి చెబుతాను.

పౌరుణ్ణయిన కొంతకాలానికి కౌంటీ కోర్టు నుంచి పిలుపు వచ్చింది. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోమని స్నేహితులు సలహా ఇచ్చారు. నేను వెళ్లాను. ఒక దొంగతనం కేసుకు ఎంపిక చేశారు. ముద్దాయి సాక్ష్యం చెప్పలేదు. ఆయన మౌనాన్ని ఆయనకు వ్యతిరేకంగా తీసుకోకూడదని జడ్జి మాకు స్పష్టంగా చెప్పారు. అది అయిదో సవరణ ఇచ్చిన రక్షణ. ఆ మౌనాన్ని ప్రాసిక్యూటరు ఎత్తిచూపడానికి కూడా వీల్లేదని సుప్రీంకోర్టు 1965లోనే తేల్చింది.

తలుపులు మూసి చర్చ మొదలుపెట్టగానే ఒకాయన, "తప్పు చేయకపోతే నోరు విప్పడానికేం?" అన్నారు. ఒక పెద్దావిడ వెంటనే జడ్జి మాట గుర్తుచేసి, ఆ సంగతి పక్కన పెట్టి మిగిలిన సాక్ష్యాలు చూద్దామన్నారు. చూశాం. నేరం రుజువైందని చెప్పడానికి అవి చాలలేదు. పన్నెండుమందీ ఏకాభిప్రాయానికి రావడానికి చాలాసేపు పట్టింది. ఒరెగాన్ రాష్ట్రంలో అయితే పన్నెండుమందిలో పదిమంది ఒప్పుకుంటే శిక్ష పడే పద్ధతి 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా సాగింది. ఆ గదిలో కూర్చున్నాక, ఒక్కరి అభ్యంతరానికి కూడా విలువ ఉండడం ఎంత అవసరమో నాకు తెలిసింది.

ముద్దాయిని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని మన భారత రాజ్యాంగం 20(3) అధికరణం కూడా చెబుతుంది. కానీ అక్కడ తీర్పు జడ్జిది. ఇక్కడ ఆ రక్షణ నిలబడాలంటే నాలాంటి మామూలు మనుషులు దాన్ని పాటించాలి. అందుకే జ్యూరీని ఎగ్గొట్టమనే సలహా ఎవరిచ్చినా వినకండి.

మీరు ఇంకా పౌరులు కాలేదు కాబట్టి ఒక జాగ్రత్త. డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీసుకునే చోట్ల గ్రీన్ కార్డు వాళ్లకూ జ్యూరీ నోటీసు వస్తుంటుంది. దాన్ని పారేయకుండా, పౌరుణ్ణి కానని గుర్తుపెట్టి తిప్పి పంపండి. లైసెన్సు దరఖాస్తులో ఓటరు నమోదు గడి కనిపిస్తే ముట్టుకోవద్దు. పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు తేలితే పౌరసత్వం మాట అటుంచి, గ్రీన్ కార్డుకే ముప్పు వస్తుంది.