పొదుగు మీంచి లేచిన పెట్టను మిగతా కోళ్లు పొడుస్తుంటే

మూడు వారాలు విడిగా పొదిగిన పెట్టను, గుడ్లు మురిగిపోయాక మందలో వదిలితే పాత తోటి కోళ్లే తరిమి తరిమి పొడుస్తున్నాయని రాశారు. ముందు దాన్ని బయటికి తీసేయండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

చీకట్లో కర్ర మీద కూర్చోబెడితే తెల్లారేసరికి కలిసిపోతాయని ఎవరో చెబితే మా ఎర్ర పెట్టను అలాగే కూర్చోబెట్టాను. పొద్దున గూటి తలుపు తీసేసరికి అది మూలలో ముక్కు గోడకు ఆనించి నిలబడి ఉంది. నెత్తి మీది ఎర్ర జుట్టు చీలి, రక్తం కంటి పక్కన ఎండి అట్టకట్టింది. రక్తం కనిపిస్తే కోళ్లు అక్కడే మళ్లీ మళ్లీ పొడుస్తాయి.

పగేమీ కాదు. కోళ్లకు ముందెవరు, వెనకెవరు అనే వరస ఉంటుంది. ఒకటి కొన్నాళ్లు కనబడకపోతే దాని చోటు నిండిపోతుంది. పైగా కోళ్లు ఒకదాన్నొకటి తలను, జుట్టును చూసి గుర్తుపడతాయి. పొదిగే పెట్ట రోజుకోసారి లేచి నాలుగు గింజలు తింటే గొప్ప. బరువు తగ్గి, జుట్టు పాలిపోయి, వాటి కళ్లకు కొత్త కోడిలా కనిపిస్తుంది.

మీ పెట్ట అసలు పొదుగు మానిందా? వదలగానే పొదిగిన చోటికే పరుగెడితే మానలేదన్నమాట. అడుగున జాలీ ఉన్న ఎత్తైన పంజరంలో నీళ్లు, మేత పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి. పొట్టకు కింది నుంచి గాలి తగిలితే ఆ ధ్యాస పోతుంది. అప్పుడే రెక్కల కింద, తోక కింద పేలు ఉన్నాయేమో చూడండి. కదలకుండా కూర్చున్న కోడికి అవి బాగా పడతాయి.

గాయం మానాక మా ఎర్ర పెట్టకు ఆవరణలోనే వలతో అడ్డు కట్టాను. మేత గిన్నెలు వలకు అటూ ఇటూ ఆనించి పెట్టాను. మొదటి రెండు రోజులు పెద్ద పెట్ట తినడం మాని వల సందుల్లోంచి పొడవడానికే చూసింది. నాలుగో రోజు రెండూ తలెత్తకుండా పక్కపక్కనే తిన్నాయి. అప్పుడు మందలోకెల్లా సాధువైన పెట్టను తెచ్చి దీనికి తోడుగా రెండు రోజులు ఉంచి, ఇద్దరినీ కలిపి వదిలాను. నన్నడిగితే అన్నిటికంటే పనిచేసింది ఈ తోడే.

వదిలేది గూట్లో కాదు, ఆరుబయట, సాయంత్రం పూట. గింజలు దూరదూరంగా చల్లండి, రెండో నీళ్ల గిన్నె పెట్టండి, దాక్కోవడానికి ఒక చెక్క వాల్చండి. ఒకటి రెండు పోట్లు పడతాయి, మధ్యలో దూరకండి. రక్తం వస్తే మాత్రం మళ్లీ వల వెనక్కే.

ఈసారి పొదుగుకు కూర్చుంటే మిగతావాటికి కనబడేలా పొదిగే చోటు ముందు వల కట్టి అక్కడే ఉంచండి. వల కట్టలేకపోతే గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెడితే వేరే పెట్టలు వచ్చి పెట్టినవి తెలిసిపోతాయి.